ఊళ్లో ఇంటి ఇంటర్నెట్: ప్లాను కంటే ముందు లైను చూడండి

చిన్న పట్టణాల్లో ఇంటి నెట్ కనెక్షన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకటే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మాది జనగామ. మా వీధిలో నాలుగు రకాల నెట్ దొరుకుతోంది: బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్, టీవీ కేబుల్ ఆయన ఇచ్చే నెట్, ఒక పెద్ద కంపెనీ ఫైబర్, డాబా మీద పెట్టే 5జీ ఎయిర్‌ఫైబర్. మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇక వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు? 100 ఎంబీపీఎస్ లేకపోతే ఆఫీసు పని నడవదంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు స్పీడు లెక్క తేల్చేద్దాం. ఆఫీసు వీడియో మీటింగుకు రానూ పోనూ మూడేసి ఎంబీపీఎస్ ఉంటే చాలు. హెచ్‌డీలో సినిమా చూసే టీవీకి 5, 4కే టీవీ అయితే 15 కావాలి. నాలుగు ఫోన్లలో యూట్యూబ్, వాట్సాప్ నడిస్తే మరో పది వేసుకోండి. అన్నీ ఒకేసారి నడిచినా 35 లోపే. 40 లేదా 50 ఎంబీపీఎస్ ప్లాను మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. కాకపోతే ఆ నలభై రాత్రి తొమ్మిదింటికి కూడా నలభైగానే ఉండాలి, లైను తెగితే మర్నాటికల్లా బాగుపడాలి. ఈ రెండు సంగతులూ ప్లాను కరపత్రంలో ఉండవు. మీ ఇంటికొచ్చే చివరి రెండు మూడు వందల మీటర్ల లైను ఎలా ఉంది, దాన్ని బాగుచేసే మనిషి ఎక్కడుంటాడు అన్నదాని మీద ఆధారపడి ఉంటాయి.

ఫైబర్ ఎవరిదైనా పనితీరు దాదాపు ఒకటే. ఆపరేటర్ గదిలోని పరికరం నుంచి బయల్దేరిన ఒక పోగు, దారిలో స్తంభాల మీది డబ్బాల్లో ఉండే స్ప్లిటర్ల దగ్గర చీలి 32 లేదా 64 ఇళ్లకు చేరుతుంది. ఇళ్ల ఫైబర్‌కు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ పోగు మీద ఇళ్ల వైపు సుమారు 2.5 జీబీపీఎస్, ఇళ్ల నుంచి వెనక్కి 1.25 జీబీపీఎస్ వెళ్తుంది. యాభై ఇళ్లు ఒక్క క్షణంలో 50 ఎంబీపీఎస్ చొప్పున పూర్తిగా లాగితే తప్ప అది నిండదు, ఇళ్లలో వాడకం అలా ఉండదు. అందుకే సాయంత్రం పూట నెట్ నీరసిస్తే వీధిలోని ఫైబర్‌ను అనుమానించక్కర్లేదు. చాలాసార్లు ఆపరేటర్ హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటున్న బ్యాండ్‌విడ్త్ (మొత్తం నెట్ సామర్థ్యం) చాలడం లేదని అర్థం.

కేబుల్ ఆయన నెట్‌కున్న బలం ఆయన ఊళ్లోనే ఉండటం. లైను తెగితే సాయంత్రానికి నిచ్చెన వేసుకుని వస్తాడు. ఆయన్ని మూడు సంగతులు అడగండి. మొదటిది, మీ ఇంట్లోకి వచ్చేది ఫైబరా, లేక స్తంభం మీద స్విచ్ పెట్టి అక్కణ్నుంచి లాగిన నీలం లాన్ కేబులా? లాన్ కేబులైతే వద్దనే చెబుతాం. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి, పిడుగుపాటుకు అది కాలిపోతుంది, దాంతోపాటు మీ రౌటర్ పోర్టు కూడా పోవచ్చు. రెండోది, హైదరాబాద్ నుంచి ఆయనకు వచ్చే లైన్లు ఎన్ని, ఏ దారిన వస్తున్నాయి? ఒక్కటే లైను, అదీ రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్న హైవే పక్కనుంచి అయితే, జేసీబీ తవ్విన రోజున ఊరంతా ఆగిపోతుంది. మూడోది, బిల్లు ఇస్తారా? లైసెన్సున్న ఇంటర్నెట్ కంపెనీ పేరు, 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఆ బిల్లు మీద ఉండాలి. చేతిరాత చీటీ ఇచ్చేవాళ్ల దగ్గర రేపు ఫిర్యాదు చేయడానికి ఆధారమే ఉండదు.

బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ చాలా పట్టణాల్లో స్థానిక భాగస్వాముల ద్వారా నడుస్తోంది. అంటే పేరు బీఎస్‌ఎన్‌ఎల్‌దే అయినా స్తంభమెక్కేది ఆ భాగస్వామి పెట్టిన కుర్రాడు. ఒక ఊళ్లో అద్భుతంగా, పక్క ఊళ్లో అధ్వానంగా ఉండటానికి కారణం ఇదే. టెలిఫోన్ ఎక్స్చేంజీకి వెళ్లి మీ వీధి ఏ భాగస్వామి కిందికి వస్తుందో కనుక్కోండి, ఆయన కనెక్షన్ ఉన్న రెండు ఇళ్లలో వాకబు చేయండి. పెద్ద కంపెనీ ఫైబర్‌లో ఇంకో మెలిక ఉంది. వాళ్ల డబ్బా బజారు రోడ్డులో ఉండి మీ ఇల్లు లోపలి సందులో ఉంటే, నాలుగు ఇళ్ల డాబాల మీదుగా సన్నటి తీగ లాగి ఇచ్చేస్తారు. ఆ ఇళ్లలో ఎవరు సున్నం వేయించినా, బట్టల తీగ కట్టినా మీ నెట్‌కు ముప్పే. డబ్బా నుంచి మీ గోడ దాకా ఎన్ని మీటర్లు, ఎన్ని స్తంభాలు అని సంతకం పెట్టకముందే అడగండి. వంద మీటర్ల లోపైతే నిశ్చింత.

తీసుకునే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అదే కనెక్షన్ ఉన్న పొరుగింట్లో, రాత్రి ఎనిమిదిన్నర, పది మధ్య, వాళ్ల రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. టెస్ట్ యాప్ చాలాసార్లు తనంతట తాను ఆ ఆపరేటర్ సొంత సర్వర్‌నే ఎంచుకుంటుంది. దాని మీద అంకె ఘనంగానే వస్తుంది. సర్వర్ మార్చి, హైదరాబాద్‌లోని వేరే కంపెనీది ఒకటి, ముంబైది ఒకటి పెట్టి చూడండి. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్, పింగ్ (మన కబురు సర్వర్‌కు వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం) ముఖ్యం. మంచి ఫైబర్‌లో హైదరాబాద్ సర్వర్‌కు పింగ్ పది, పదిహేను మిల్లీసెకన్ల లోపు ఉంటుంది. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకో మెట్టు పైకి వెళ్లొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 (గూగుల్ సర్వర్ అడ్రసు), మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం కొట్టండి. ఐదు నిమిషాలు నడవనిచ్చి కంట్రోల్, సీ నొక్కితే ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో పోయాయో చెబుతుంది. వందకు ఒకటి కంటే ఎక్కువ పోతుంటే మీటింగులో గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, స్పీడు రెండొందలున్నా సరే.

ఇక మీ నాలుగింటిలో మా వరస ఇది: డబ్బా దగ్గరగా ఉంటే పెద్ద కంపెనీ ఫైబర్. అది లేకపోతే బీఎస్‌ఎన్‌ఎల్, కేబుల్ ఆయన ఇద్దరిలో పొరుగువాళ్లు ఎవరిని మెచ్చుకుంటే వాళ్లది. ఎయిర్‌ఫైబర్ చివరన. ఏది తీసుకున్నా మీ అబ్బాయి ఫోన్‌లో సిమ్ మాత్రం వేరే కంపెనీది ఉండాలి. ఇంట్లో ఫైబర్, ఫోన్ ఒకే కంపెనీవైతే ఊళ్లోకి వచ్చే పెద్ద లైను తెగిన రోజున రెండూ కలిసి పడుకునే అవకాశముంది.

ప్రశ్న: చేవెళ్ల దాటాక మా ఇల్లు. ఫైబర్ ఇంకా రాలేదు. ఎయిర్‌ఫైబర్ పెట్టుకుంటే వానకు ఆగిపోతుందా? మా దగ్గర కోతుల బెడద కూడా ఉంది.

జవాబు: ఎయిర్‌ఫైబర్ అంటే డాబా మీద పెట్టే ఒక 5జీ యాంటెనా పెట్టె, ఇంట్లో ఒక రౌటర్, రెండింటినీ కలిపే లాన్ కేబుల్. జియో దీన్ని 2023 సెప్టెంబరు 19న, వినాయక చవితి సందర్భంగా, హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది. తర్వాత చిన్న ఊళ్లకూ వచ్చింది.

ఊళ్లలో వాడే 700 మెగాహెర్ట్జ్, 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలను వాన పెద్దగా ఆపదు. ఆకులు ఆపుతాయి. యాంటెనాకూ టవర్‌కూ మధ్య వేపచెట్టో చింతచెట్టో ఉంటే ఎండాకాలం బాగా పనిచేసి, ఆకులు తడిశాక స్పీడు పడిపోతుంది. వానదే తప్పనుకుంటారు. పెట్టించేటప్పుడే పెట్టెను డాబా నాలుగు మూలలా మార్చి చూడమనండి. ఒక్కోసారి పది అడుగులు జరిపితే అంకె రెట్టింపవుతుంది.

అసలు తేడా వేరే చోట ఉంది. ఫైబర్‌లో మీ పోగును పంచుకునేది కొన్ని ఇళ్లే. 5జీలో టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటితోనూ పంచుకోవాలి. జాతర రోజున, ఐపీఎల్ సాయంత్రాల్లో ఆ సంగతి తెలిసొస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందు, అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్‌తో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి స్పీడ్ టెస్ట్ చేయండి. సిగ్నల్ గీతలు తక్కువ ఉండి స్పీడు తక్కువైతే పరవాలేదు, పెట్టె యాంటెనా ఫోన్ కంటే బలమైనది కాబట్టి మెరుగవుతుంది. గీతలు నిండుగా ఉండి స్పీడు పది, పదిహేనే వస్తుంటే మాత్రం టవరే ఇరుకైపోయింది. పెట్టె పెట్టినా అదే గతి. డేటా పరిమితి కూడా అడగండి. ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ మామూలు, జియో ఎయిర్‌ఫైబర్ 1,000 జీబీతో మొదలైంది.

కోతుల విషయం నవ్వులాట కాదు, తెలంగాణ పట్టణాల్లో నెట్ ఆగడానికి అదొక పెద్ద కారణమే. పొడవాటి పైపుకు పెట్టెను బిగిస్తే పైపు పట్టుకుని ఊపుతాయి. పిట్టగోడ బయటి వైపు, గోడకే బ్రాకెట్ కొట్టి బిగించమనండి. కేబుల్ ఎక్కడా వేలాడకుండా అర అంగుళం పీవీసీ గొట్టంలో వేసి, అడుగున్నరకో క్లాంపు కొట్టించండి. గొట్టానికి వందా రెండొందలు ఖర్చు, కానీ కంపెనీ మనిషి తనంతట తాను వేయడు. మీరే తెచ్చిపెట్టుకోవాలి.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాను. ముందు గదిలో 95 వస్తోంది, వెనక పడకగదిలో 12. కంపెనీవాళ్లు 200 ప్లానుకు మారమంటున్నారు. మార్చమంటారా? (జహీరాబాద్)

జవాబు: మార్చొద్దు. 200 తీసుకుంటే ముందు గదిలో 190 వస్తుంది, వెనక గదిలో మళ్లీ పన్నెండే. మీ ఇంట్లోకి నెట్ సరిగ్గానే వస్తోంది, గోడలు దాటడం లేదంతే.

రౌటర్ రెండు రకాల వైఫై ఇస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, రెండు తొమ్మిదంగుళాల గోడలు దాటేసరికి చచ్చుబడిపోతుంది. 2.4ది దూరం వెళ్తుంది కానీ వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్లన్నీ అదే వాడుతుంటాయి. పాత రాతిగోడల ఇల్లయితే రెండూ కష్టమే. ఇనుప బీరువా, ఫ్రిజ్ అడ్డున్నా అంతే. ముందుగా డబ్బు ఖర్చు లేని పని చేయండి. చాలా ఇళ్లలో తీగ ఏ కిటికీలోంచి వస్తే ఆ మూలనే, టీవీ వెనకాల రౌటర్ పెట్టె బిగించి పోతారు. ఇంటి మధ్యలో, ఐదారు అడుగుల ఎత్తున పెట్టించుకోండి. దీనికి పది మీటర్ల ఫైబర్ ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా మొనలున్న ఫైబర్ తీగ) ఉంటే చాలు. ఆకుపచ్చ మొన ఉన్నదే తీసుకోవాలి. 2.4లో చానెల్ ఆటోలో ఉంటే 1, 6, 11 మూడింటిలో పొరుగువాళ్లు తక్కువ వాడేది పెట్టండి. మిగతా చానెళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

అప్పటికీ చాలకపోతే రెండో రౌటర్ కావాలి. గోడ సాకెట్‌లో గుచ్చే ఎక్స్‌టెండర్ల జోలికి పోవద్దు. అది వైఫైని పట్టి మళ్లీ వైఫైగానే వదులుతుంది, ఒకే రేడియోతో రెండు పనులూ చేయడం వల్ల వేగం సగమైపోతుంది. మొదటి రౌటర్ నుంచి వెనక గదికి క్యాట్ 6 లాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా వదిలే పెట్టెగా) పెట్టండి. సెట్టింగుల్లో ఆ మోడ్ ఉంటే ఒక్క క్లిక్కే. లేకపోతే రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, టీవీలకు అడ్రసులు పంచే పని) ఆపేయండి, దాని అడ్రసు 192.168.1.2 చేయండి (మొదటిది 192.168.1.1 అయితే), కేబుల్‌ను దాని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదానివే పెడితే ఫోన్ ఏది దగ్గరుంటే దానికి మారుతుంది.

కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసింది సగం ధరకే వస్తుంది కానీ వంచితే లోపల విరుగుతుంది. కొసకు ప్లగ్గు వేసే కుర్రాడు ఎనిమిది తీగలూ వేశాడో లేదో చూసుకోండి. నాలుగే వేస్తే 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. స్మార్ట్ టీవీల వెనక ఉండే లాన్ పోర్టు కూడా చాలావాటిలో వందదే. టీవీలో టెస్ట్ చేసి ప్లాను స్పీడు రావట్లేదని పోట్లాడేవాళ్లు ఇది గమనించాలి.

ప్రశ్న: మా ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు తరచూ కొట్టుకుంటుంది. ఫోన్ చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. వాళ్లు వచ్చేలోపు మేం ఏం చూడొచ్చు? (వికారాబాద్)

జవాబు: ఆ ఎర్ర లైటు పక్కన ఎల్‌ఓఎస్ అని రాసి ఉంటే ఫైబర్ పోగులోంచి రావాల్సిన కాంతి పెట్టెకు అందడం లేదని అర్థం. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాంతి రాదు. అదే ఎర్ర లైటు లేకుండా, పాన్ అనే ఆకుపచ్చ లైటు నిలకడగా ఉండి నెట్ రాకపోతే లైను బాగానే ఉంది. రీచార్జ్ అయిపోవడమో, లాగిన్ సమస్యో అయి ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు ఈ రెండింట్లో ఏదో చెబితే సగం పని అక్కడే తేలుతుంది. పక్కింటివాళ్లకూ ఎర్ర లైటే ఉందేమో చూడండి. ఉంటే తెగింది వీధిలోని లైను, మీ ఒక్కరి ఇంటిది కాదు.

మీ ఇంట్లో చూడాల్సినవి ఇవి. పెట్టె అడుగున ఆకుపచ్చ ప్లాస్టిక్ మొన ఉంటుంది. అది "టక్" మనేదాకా లోపలికి వెళ్లిందా? తీగ ఎక్కడైనా తలుపు సందులో నలిగిందా, మేకు కింద ఒత్తుకుందా? మిగిలిన తీగను ఆరు సెంటీమీటర్ల వెడల్పు కంటే చిన్న చుట్టగా చుడితే గాజు పోగులోంచి కాంతి పక్కలకు కారిపోతుంది. మొన ఊడదీస్తే దాని తెల్లటి చివరను వేలితో ముట్టుకోవద్దు, వేలి జిడ్డే దానికి పెద్ద శత్రువు. కంటికి ఎదురుగా పెట్టుకుని చూడొద్దు. ఆ కాంతి కనబడదు కానీ అది లేజర్. నీలం మొనను ఆకుపచ్చదాంట్లో గుచ్చొద్దు. ఆకుపచ్చదాని చివర ఎనిమిది డిగ్రీల వాలుతో అరగదీసి ఉంటుంది, నీలానిది చదును. రెండూ కలవవు, గీతలు పడి పాడవుతాయి. పెట్టె వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను మాత్రం గుచ్చనే వద్దు. కంపెనీ పెట్టిన సెట్టింగులన్నీ పోయి, అప్పటిదాకా లేని కొత్త సమస్య వచ్చి కూర్చుంటుంది.

తరచూ వచ్చి పోతోందంటున్నారు కాబట్టి కాంతి పూర్తిగా తెగలేదు, అంచున ఉంది. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే చాలా పెట్టెల్లో ఆప్టికల్ పవర్ (అందే కాంతి బలం) అని ఒక మైనస్ అంకె కనబడుతుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే శుభ్రంగా ఉన్నట్టు. మైనస్ 25 అయితే ఎండకు, వానకు ఊగిసలాడుతుంది. మైనస్ 27 దాటితే ఎర్ర లైటే. ఆ అంకె మూడు డీబీ (డెసిబెల్) తగ్గిందంటే కాంతి సగమైనట్టు లెక్క. ఇప్పుడే ఆ అంకె రాసిపెట్టుకోండి. బాగుచేసి వెళ్లాక మళ్లీ చూడండి. మెషీన్‌తో అతికిన జాయింటులో నష్టం 0.1 డీబీ లోపే, చేత్తో బిగించే కనెక్టర్లలో 0.3 నుంచి 0.5 దాకా పోతుంది. ఒక్క తీగకు మూడు నాలుగు అలాంటివి పడితే కొత్త తీగ వేయమని గట్టిగా అడగొచ్చు.

తీగ ఇంట్లోకి వచ్చే చోట కూడా ఒకసారి చూడండి. నల్ల తీగలో గాజు పోగుకు పక్కనే ఒక ఉక్కు తీగ ఉంటుంది. బయట కొక్కేనికి కట్టాల్సింది దాన్ని, బరువంతా అదే మోయాలి. బద్ధకించి మొత్తం తీగనే కొక్కేనికి చుట్టి లాగితే గాలి వీచినప్పుడల్లా పోగు నలుగుతుంది. మీ సమస్యకు ఇదే కారణం కావచ్చు. గోడ రంధ్రం దగ్గర తీగ కొంచెం కిందికి వంగి మళ్లీ పైకెక్కి లోపలికి రావాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, గోడలోకి రావు.

ప్రశ్న: కరెంటు పోతే ఇన్వర్టర్ ఉన్నా నెట్ మూడు నిమిషాలు ఆగి వస్తుంది. మీటింగు మధ్యలో ఇబ్బంది. (సిద్దిపేట)

జవాబు: ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే ఆ లిప్తపాటులో పెట్టె ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. యూపీఎస్ మోడ్‌కు మార్చండి. దానికీ లొంగకపోతే మినీ యూపీఎస్ (రౌటర్‌కు పెట్టే చిన్న బ్యాటరీ) కొనండి. కొనేముందు మీ పెట్టె అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి: సాధారణంగా 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపియర్లు. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతకు సమానం లేదా ఎక్కువ ఉండాలి. 9 వోల్టులది తెచ్చి పెడితే పెట్టె వెలుగుతుంది కానీ వైఫై తడబడుతుంది.

ఎంతసేపు వస్తుందన్నది కూడా లెక్కే. మినీ యూపీఎస్ డబ్బా మీద 8,800 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది 3.7 వోల్టుల దగ్గర. గుణిస్తే 32 వాట్ అవర్లు. పెట్టె పది వాట్లు తింటే మూడు గంటలు, నష్టాలు పోను రెండున్నర. రెండో రౌటర్ ఉంటే దానికీ వేరేది కావాలి. ఇదంతా చేశాక కూడా గంట తర్వాత నెట్ పోతుంటే ఆపరేటర్ గదిలో బ్యాటరీ చచ్చిపోయిందన్నమాట. అది మీ చేతుల్లో లేదు, వీధిలో నలుగురు కలిసి అడగాలి.

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మెదక్‌లో అమ్మానాన్నల ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించాం. అక్కడ నెట్ ఎంత ఉండాలి? ఇక్కణ్నుంచి చూడాలంటే స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రసు) కొనాలంటున్నాడు కెమెరాలాయన.

జవాబు: కొనక్కర్లేదు. ఇప్పుడొచ్చే డీవీఆర్‌లన్నీ (కెమెరాల రికార్డర్లు) కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దూరం నుంచే కనబడతాయి. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని వందల ఇళ్లకు పంచుతాయి కాబట్టి పాత పద్ధతిలో పోర్టు తెరవడం (బయటి నుంచి డీవీఆర్‌కు నేరుగా దారి ఇవ్వడం) ఎలాగూ కుదరదు. కుదిరినా చేయొద్దు, తెరిచిన పోర్టు మీద రోజంతా దొంగ ప్రయత్నాలు జరుగుతూనే ఉంటాయి. డీవీఆర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చడం మాత్రం తప్పనిసరి.

రికార్డింగ్ హార్డ్‌డిస్క్‌లో జరిగితే నెట్ వాడకం మీరు చూసినప్పుడే ఉంటుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్ 265లో (వీడియోను కుదించే పద్ధతి) సుమారు 2 ఎంబీపీఎస్ తింటుంది, నాలుగు కలిపి 8. ఇది మెదక్ ఇంటి అప్‌లోడ్ నుంచి పోవాలి, డౌన్‌లోడ్ కాదు. 30 ఎంబీపీఎస్ ఫైబర్ బోలెడు. క్లౌడ్‌లో 24 గంటలూ రికార్డు చేయించుకుంటే కథ మారుతుంది. ఒక్కో కెమెరా రోజుకు 21.6 జీబీ, నాలుగు కలిపి 86. వెయ్యి జీబీ పరిమితి ఉన్న ఎయిర్‌ఫైబర్ పన్నెండో రోజుకే ఖాళీ. ఒక టీబీ హార్డ్‌డిస్క్ కూడా అదే లెక్కన పదకొండు, పన్నెండు రోజులే దాస్తుంది. పండక్కి ఊరెళ్లి పాత ఫుటేజీ వెతికేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: 499 అన్నారు, బిల్లు 589 వచ్చింది. ఆరు నెలలకు కడితే లాభమా? (షాద్‌నగర్)

జవాబు: 18 శాతం జీఎస్టీ కలిపితే 588.82. ప్రకటనల్లో పన్ను కలపరు. ఆరు నెలలకు 3,532.92 అవుతుంది. కొత్త కనెక్షన్ మీద మొదటి రెండు నెలలూ నెలవారీగానే కట్టండి, ఇన్‌స్టాలేషన్ రుసుము పడినా సరే. ఒక గాలివాన, ఒక లైను తెగడం చూశాక ఎన్నాళ్లకు బాగుచేశారో తెలుస్తుంది. అప్పుడు ఆరు నెలలది కట్టండి.

ప్రశ్న: ఉప్పల్‌లో మా ఇంటికి స్తంభాల మీది ఫైబర్ కత్తిరించేశారు. మళ్లీ అలా జరగకుండా ఏ కనెక్షన్ తీసుకోవాలి?

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు చనిపోయాక నగరమంతా కరెంటు స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించారు.  స్తంభం మీదుగా వచ్చేది ఎవరిదైనా తెగొచ్చు. అపార్టుమెంటు అయితే భూమిలోంచి గొట్టంలో వచ్చే లైను ఏ కంపెనీకి ఉందో అసోసియేషన్‌లో అడగండి. సొంతిల్లయి, అలాంటిది లేకపోతే, నెట్ మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లకు ఫైబర్‌కు తోడు చిన్న ప్లాను ఎయిర్‌ఫైబర్ పెట్టుకోవడమే దారి. దానికి స్తంభంతో పని లేదు.

ప్రశ్న: కనెక్షన్ మానేశాం. రౌటర్ ఇవ్వలేదంటూ డబ్బు కట్టమని ఫోన్లు చేస్తున్నారు. దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడికి మేం ఇచ్చేశాం. (మేడ్చల్)

జవాబు: రసీదు లేకపోతే చిక్కే, కానీ దారి ఉంది. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. కుర్రాడు వచ్చిన తేదీ, అతను ఫోన్ చేసిన నంబరు, ఉంటే గేటు కెమెరా ఫుటేజీ జతచేయండి. జవాబు తృప్తిగా లేకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీళ్లు వినే ఒక అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. డాకెట్ నంబరు చూపి 30 రోజుల్లోగా అక్కడ అప్పీలు చేయొచ్చు, రుసుము లేదు. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంకా మానేయబోయే వాళ్లకు: పెట్టె, అడాప్టర్ రెండూ అప్పగించాలి, అడాప్టర్ మర్చిపోయినందుకు కూడా డబ్బు వేస్తారు. పెట్టె అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి, ఆ నంబరుతో సహా రసీదు మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చాకే అతని చేతికివ్వండి.